గవాచి మీద చాప

పొద్దున్నే పొయ్యి రాజేసే ముందు నాకొక పని ఉండేది. మిద్దె ఎక్కి, గవాచి మీది బండను పక్కకు జరపడం. మా వైపు మట్టిమిద్దెలకు వంటింటి నెత్తిన ఒక బొక్క వదులుతారు, అదే గవాచి. పొగ పైకి పోవాలన్నా, వెలుతురు కిందికి రావాలన్నా అదొక్కటే దారి. వానొస్తే పరుగెత్తి మూయాలి, వెలిస్తే పరుగెత్తి తీయాలి. చిత్తూరు బజారులో ఇంత పెద్ద ఇల్లు కట్టించిన మా మామగారు హాలుకు కిటికీలు పెట్టించాడు, బెల్లం దిమ్మెలు పెట్టే కొట్టుగదికి కూడా కిటికీ పెట్టించాడు, వంటింటికి మాత్రం ఆ బొక్క చాలనుకున్నాడు. గాలి తగలకపోతే బెల్లానికి చెమ్మ పడుతుందని ఆయనకు తెలుసు. ఆడవాళ్ళకు ఏం పడుతుందో ఆయనకెవరూ చెప్పినట్టు లేరు.

ఇప్పుడు నాకా పని లేదు. గవాచిని బండతో మూసి, చుట్టూ సున్నం మెత్తేశారు. పట్టపగలు బుడ్డి వెలిగించుకుని వంట చేస్తున్నాను. పొగంతా వాకిట్లోంచి హాల్లోకి పోతుంది. "ఏమ్మే, ఇల్లంతా పొగ చేస్తా ఉండావు" అని మా అత్త తిరుమలమ్మ రోజూ అంటుంది, ఆ పొగను నేనే పుట్టింటి నుంచి తెచ్చుకున్నట్టు. ఆ మాటలకు నేను అలవాటుపడ్డాను. అలవాటు కానిది ఇంకొకటుంది. సాయంత్రం దీపాలు పెట్టే పొద్దుకు నా తల దానంతటదే పైకి లేస్తుంది. అక్కడ బండ ఉందని నాకు తెలుసు. అయినా కళ్ళకు బండ కనపడదు. ఈతచాప అడుగు కనపడుతుంది, అల్లిక సందుల్లో సన్నటి వెలుతురు గీతలు కనపడతాయి, ఆ గీతల మధ్య నెమ్మదిగా కిందికి దిగే ఒక మడమ కనపడుతుంది. చేతిలో గరిటె చేతిలోనే ఉంటుంది, నేను వెనక్కి వెనక్కి పోయి గోడకు ఆనుకుంటాను. ఇప్పుడు చప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని కాచుకుంటాను. రాదు. వచ్చి అయిపోతే బాగుండుననిపిస్తుంది. పొయ్యి మీద మాడిన వాసన వచ్చాక గానీ నేను మళ్ళీ మనిషిని కాను.

గవాచికి అడ్డంగా కమ్మీలు వేయించమని నేను అడగడం మొదలుపెట్టి ఏళ్ళయింది. ఒకసారి పిల్లి కాలుజారి పైనుంచి చారు గిన్నెలో పడింది. ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వారు. కాలిన చెయ్యి నాది కాబట్టి నేను నవ్వలేదు. "రేపు పిల్లి బదులు పిల్లకాయ పడితే?" అని అడిగాను. "పిల్లకాయల్ని సూసుకునే దానికే గదా నువ్వుండేది" అన్నాడు మా ఆయన. తర్వాత యుద్ధం వచ్చింది. "ఇనుమంతా ఫిరంగులకు పోతా ఉంటే, నీ వంటింటి బొక్కకు కమ్మీలా? పెద్ద దొరసానివి!" అన్నాడు. నిజమే కాబోలు అనుకున్నాను. అదే ఏడు మా బెల్లం మండీకి కొత్త ఇనుప తలుపు వచ్చింది. దానికి ఇనుము యాడ దొరికిందని అడిగితే, "సరుకుండే చోటమ్మే అది" అన్నాడు. వంటింట్లో ఉండేది సరుకు కాదు గదా మరి. పోనీ కట్టెవైనా వేయించమన్నాను. వడ్రంగి వచ్చిన ప్రతిసారీ మండీలో గల్లాపెట్టెకో తక్కెడకో పని తగిలేది, నా గవాచి దగ్గరికి వచ్చేసరికి వాడికి పొద్దుపోయేది.

ఇక నా జాగ్రత్త నేను పడ్డాను. మిద్దె మీద చాపలు పరిచే పని ఎటూ నాదే. గవాచికి ఎంత ఎడంగా పరచాలో, పిల్లలు ఏ వైపు పడుకోవాలో, ఒడియాలు ఏ మూల ఎండబెట్టాలో నా కాళ్ళకు తెలుసు. కళ్ళు మూసుకుని నడిచినా తెలుసు. నాకు తెలుసు కాబట్టి ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియవలసిన అవసరం లేకుండా పోయింది. దీనికొక పేరు లేదు, ఎవరూ దీన్ని పని అనుకోరు. రోజంతా ఇంట్లో ఎవరికీ ఏమీ కాకుండా చూసి, రాత్రికి "పొద్దస్తమానం ఏం చేసినావు?" అని అడిగించుకోవడం నాకు మామూలే.

వరదయ్యది చంద్రగిరి పక్కన పల్లె. మా మండీకి బెల్లం తోలే రైతుల్లో ఆయనే పెద్దవాడు. రైతులు వస్తే మండీ యజమాని ఇంట్లోనే దిగడం, తిండీ పడకా ఇక్కడే కావడం మా దగ్గర వాడుక. ఒకపూట సాపాటు సరిగ్గా లేకపోతే వచ్చే ఏటి బెల్లం ఇంకో మండీకి పోతుంది. అట్లా చూస్తే మా ఆయన వ్యాపారంలో సగం నా పొయ్యి మీదే నడిచింది, ఆ మాట మండీలో ఎవరూ అనరు గానీ. ఈ ఏడు మాఘమాసంలో వరదయ్య కొడుకు ధనంజయకు పెళ్ళయింది. కొత్త జంటను పిలిచి విందు పెట్టకపోతే మర్యాద కాదని మా ఆయన పిలిచాడు. వరదయ్య, ఆయన భార్య కుప్పమ్మ, కొడుకు, కొత్త కోడలు వసంత పాసింజరు బండి దిగి వచ్చారు. వసంతకు పదహారో పదిహేడో ఉంటాయి. వచ్చీ రాగానే కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వచ్చి, "అక్కా, ఏమన్నా తరిగిచ్చేదా?" అని అడిగింది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఎందరో వచ్చి తిని పోయారు, ఆ మాట అడిగిన చుట్టం ఆ పిల్ల ఒక్కతే. కత్తిపీట జరిపి ఇవ్వబోతే, "కొత్త పెళ్ళికూతురికి వంటింట్లో ఏం పని? పైకి రా పాపా, సల్లగాలికి కూర్చుందువు" అని మా అత్త పిలుచుకుని పోయింది.

చాపలు నేను మధ్యాహ్నమే పరిచి పెట్టాను, గవాచికి బాగా ఎడంగా. అందరూ పైన కూర్చున్నారు. నేను కింద బియ్యప్పిండి అద్దుతూ పోళీలు తట్టి, పెనం మీద కాలుస్తున్నాను. కట్టెలు పచ్చివని ముందురోజే చెప్పాను, సర్దుకోమన్నారు. పొగ లేచింది. పైన దగ్గులు వినపడ్డాయి. "ఏమ్మే, ఏందా పొగ! పెద్దోళ్ళు కూర్చోనుండారు" అని మా ఆయన కేకేశాడు. నేను ఊదుగొట్టం తీసుకుని పొయ్యి ముందు వంగాను. అంతలో వంటింట్లో వెలుతురు పోయింది. తలెత్తి చూస్తే గవాచి మీద చాప. దాని అంచు సర్దుతున్న చెయ్యి, ఆ చేతికి మా ఆయన ఉంగరం నాకు కనపడ్డాయి. "ఇంక పొగ రాదు మామా, నిమ్మళంగా కూర్చో" అని వరదయ్యతో చెబుతున్న గొంతూ వినపడింది. బండ జరిపితే మల్లుపంచెకు మసి అంటుతుంది. అందుకని గోడవార చుట్టిపెట్టిన చాప ఒకటి తెచ్చి బొక్క మీద పరిచేశాడు. పద్నాలుగేళ్ళ కాపురంలో మా ఆయన చాప పరచడం నేను చూసింది అదే మొదటిసారి.

నీళ్ళ చెంబు కోసం మా అత్త కిందికి వచ్చింది. "అత్తా, గవాచి మీద చాప ఏసినారు. ఎవురన్నా తొక్కితే కష్టం, తీసేయమని చెప్పు" అన్నాను దగ్గుతూ. "పొగ కొడతా ఉండాదని ఏసినాడులే. ఒక గడియ ఓర్చుకోలేవా? అందరూ ఎడంగానే కూర్చోనుండారు" అని చెంబు తీసుకుని పోయింది. నా వల్ల కాలేదు. నేనే పోయి తీసేద్దామని పెనం దించి, చేతుల పిండి కడుక్కుంటున్నాను. పైన కుప్పమ్మ గొంతు వినపడింది. "నిలబడుకోనే ఉండావేమే, కూర్చోరాదా?" కొత్త కోడలు మామా మొగుడూ కూర్చున్న చాప మీద కూర్చోదు. అత్త పక్కన కూడా చనువుగా కూర్చోదు. దూరంగా, ఎవరూ కూర్చోని చాప ఒకటి పరిచి ఉంటే అది తనకోసం వేశారనుకుంటుంది. మా వైపు పెరిగిన ఏ ఆడపిల్లయినా అట్లాగే అనుకుంటుంది, ఆ చోట నేనున్నా ఆ చాప దగ్గరికే పోయి ఉంటాను. ఆ పిల్లకు పుట్టింట్లో నేర్పిన మర్యాద ఏదుందో దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. మట్టెల చప్పుడు నా నెత్తి మీదుగా వచ్చింది. ఒక్కో అడుగూ కుదురుగా వచ్చింది. ఎక్కడా తూలలేదు, తడబడలేదు. చాప మధ్యలో మడమ ఆనింది.

ఆ పిల్ల నా రోలు పక్కన పడింది. బియ్యప్పిండి పళ్ళెం ఎగిరి మొహం మీద బోర్లపడింది. కొంగు పొయ్యిలోకి పోతుంటే నేను ఒట్టి చేత్తో లాగేశాను. కాలు ఉండవలసిన తీరులో లేదు. కళ్ళు తెరిచి నన్ను చూసి, "అక్కా, నేల యాడ?" అన్నది. అంతే, కళ్ళు మూసుకుంది. ఆ మాట నేను తప్ప ఎవరూ వినలేదు. పెదవుల మీది పిండిని నా కొంగుతో తుడిచాను.

వరదయ్య మెట్లు దిగి వచ్చి, పైకీ కిందికీ చూసి, "బొక్క మీద చాప ఏసేదేందప్పా!" అని అరిచాడు. మా ఆయన పంచె మడత సర్దుకుంటూ మెట్ల మీదే నిలిచిపోయాడు. నేను నోరు తెరిచేలోగా మా అత్త అందుకుంది. "పాప తూలింది గదా! నేను సూస్తానే ఉండాను. కళ్ళు తిరిగినాయి. మూర్ఛగాని ఉండాదేమో, పెండ్లికి ముందర అడిగినారా?" వరదయ్య, కుప్పమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. చాప సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తెల్లారి ఆ పిల్లను బండిలో పడుకోబెట్టి పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఎముక బాగానే అతికింది. ఎముక అతికేలోగా మాట పెరిగింది. మొదట కళ్ళు తిరిగాయన్నారు. తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకుందన్నారు. ఆ తర్వాత నోట్లో నురగ వచ్చిందన్నారు. "అది పిండి అత్తా, నేనే గదా తుడిచింది" అంటే, "పిండికీ నురగకూ నీకు తేడా తెలుసునా? నోరు మూసుకోనుండు" అంది. మా ఆయన్ని అడిగాను. "చాప ఏసింది మీరే గదా?" ఆయన నా వైపు చూశాడు. కోపంతో కాదు, భయంతో. భయపడిన మగవాడు కోపపడిన వాడికంటే ప్రమాదమని నాకప్పుడే తెలిసింది. "అయితే? ఊరంతా చాటింపు ఏస్తావా?" అన్నాడు.

చిత్తూరులో ప్లీడర్లకు కరువు లేదు. మా ఆయనకు తెలిసినాయన ఒకరు ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ న్యాయం చెప్పిపోయాడు. నేను గ్లాసులు అందించడానికి వాకిలి దగ్గర నిలబడి ఉన్నాను. "గొయ్యి కండ్లకు కనపడతా ఉంటే, సూసుకోకుండా పడినోడిదే తప్పు చెంగల్రాయుడూ. గొయ్యిని కప్పిపెట్టి, ఇంటికి పిలిచినోళ్ళను ఆడ కూర్చోమంటే మాత్రం ఇంటాయనదే బాధ్యత. కోర్టుకు పోతే నీ పరువు నిలవదు." మా ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఆ మనిషికి ముందునుంచే జబ్బు ఉండాదనుకో అన్నా?" ప్లీడరు నవ్వాడు. "ఇంక నీ గొయ్యి గొడవ ఎవురెత్తుతారు?" నాకు చదువు అంతంత మాత్రమే. అయినా ఆ రోజు సంగతి తేరిన నీళ్ళలాగా తేటగా తెలిసింది. మా ఇల్లు మంచిది కావాలంటే ఆ పిల్ల రోగిష్టిది కావాలి.

ఇంట్లో నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇంకో తీరు. "ఇల్లు సూసుకునేది నువ్వు. పచ్చి కట్టెలు ఏసి పొగ లేపింది నువ్వు. నువ్వు సరిగ్గా ఉండుంటే ఆయన చాప ఏసే పనేముండాది?" అంది మా అత్త. కొత్త గిన్నె కొనాలంటే ఇల్లు వాళ్ళది. మా తమ్ముడు వచ్చి నాలుగు రోజులు ఉండాలంటే ఇల్లు వాళ్ళది. ఇంట్లో ఒక మనిషి కాలు విరిగిన రోజున, నా కాపురంలో మొదటిసారి, ఆ ఇల్లు నాదైంది.

తర్వాత గవాచిని మూసేశారు. ఎవరూ చూసి అడగకుండా. నేను కమ్మీలు అడిగితే లేని తీరిక సున్నం మెత్తడానికి ఆ వారంలోనే దొరికింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి నేల మీద నమ్మకం పోయింది. ఎక్కడ చాప పరిచి ఉన్నా కాలి వేళ్ళతో తట్టి చూస్తాను. గుడిలో నల్లరాతి బండల మీద కూడా తట్టి చూస్తాను. "అమ్మకు పిచ్చి" అని నా పిల్లలు నవ్వుతారు. పోళీ తట్టేటప్పుడు అరచేతి కింద పిండి లోపలికి పోతుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఒక్కోసారి వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, నెత్తి మీద మట్టెల చప్పుడు వినపడుతుంది. మిద్దె మీద ఎవరూ లేరని తెలుసు. అయినా మెట్లెక్కి చూసి వస్తాను. ఆ పిల్ల బతికే ఉంది గదా, ఇట్లా నా నెత్తి మీద తిరుగుతోందేమని అనుకుంటాను. చచ్చినవాళ్ళే వెంటాడతారని ఎవరు చెప్పారు? బతికుండగానే ఒక మనిషిని మన ఇంట్లో పాతిపెట్టుకుంటే, ఆ మనిషి ఇంకెక్కడ తిరుగుతుంది?

యుద్ధం అయిపోయిందని మండీలో మిఠాయి పంచిన కొద్ది రోజులకు వరదయ్య వచ్చాడు. హాల్లో కూర్చుని, తల గోక్కుంటూ మొదలుపెట్టాడు. "ఏం చెప్పేదప్పా. మూర్ఛ మనిషిని అంటగట్టినారు. పిల్లోడికి ఇంకో సంబంధం సూసినాం. ఆ పాప నాయన పెంచలయ్య మాత్రం మా బిడ్డకు ఏ జబ్బూ లేదంటాడు. వచ్చే బేస్తవారం పెద్దమనుషుల్ని కూర్చోబెడతా ఉండాను. నువ్వొచ్చి సూసింది సూసినట్టు చెప్పు, చాలు. పాపను వాళ్ళ నాయన వెంట పంపించేస్తాం." మా ఆయన వెంటనే తలూపాడు. తలూపి, లోపలికి చూసి, "నేను పైన ఉండాను మామా. కింద ఉండింది మా ఇంటిది. నురగ తుడిచింది ఆమే. ఆడదాని సంగతి ఆడది చెబితే ఇంకెవురూ ఎదురు మాట్లాడరు" అన్నాడు.

ఆ నాలుగు రోజులూ నాకు ఇంట్లో జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. "సన్నగిల్లి పోయినావు, ఇంత నెయ్యి ఏసుకోరాదా" అంది మా అత్త. మా ఆయన వంటింటి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అక్కడిదాకా ఆయన రావడమే అరుదు. "నువ్వేమీ అబద్ధం చెప్పబల్లేదు. నోటి మీద తెల్లగా ఉండింది, నేను తుడిచినాను అను. అంతే. ఉన్నమాటే గదా?" అన్నాడు. నిజాన్ని అట్లా మధ్యకు విరిచి సగం నా చేతిలో పెట్టాడు. "మిగతాది వాళ్ళడిగితే?" అన్నాను. "వాళ్ళు అడగరు" అన్నాడు. అదీ నిజమే. అడగరని నాకూ తెలుసు. "అయినా నీ బిడ్డలకు నాయనను నేను. అది గుర్తు పెట్టుకో" అని, బుడ్డి వెలుతురులో కండ్లు చిట్లించి, "ఎట్లా వండుతా ఉండావే ఈ చీకట్లో?" అన్నాడు. ఇన్ని నెలల తర్వాత కనపడింది ఆయనకు ఆ చీకటి.

బేస్తవారం పొద్దున రైలెక్కాం. పాకాల దాటాక చెరకు తోటలు మొదలయ్యాయి. కిటికీ పక్కన కూర్చుని నేను లెక్కలు వేసుకున్నాను. ఆయన చెప్పమన్న మాట చెబితే నాకేమీ కాదు. చెప్పకపోతే ఇంట్లో నాకు నిలువ నీడ ఉండదు. మా నాయన పోయాడు, తమ్ముడి సంసారం తమ్ముడిది. పిల్లలు ఆ ఇంట్లో ఉన్నారు. ఆ పిల్ల నాకేమవుతుంది? ఒక పొద్దు మా ఇంటికి వచ్చి, కూరగాయలు తరిగిచ్చేదా అని అడిగింది. అంతే గదా చుట్టరికం. ఈ ఒక్క మాట అనేసి వచ్చేస్తాను, దేవుడున్నాడు, ఆమె దారి ఆమెకు దొరుకుతుంది అనుకున్నాను. అనుకుంటూ కాలి వేళ్ళతో రైలు పెట్టె నేలను తట్టి చూస్తున్నాను.

వరదయ్య ఇంటి హాల్లో పెద్దమనుషులు అప్పటికే చేరారు. ఒక మూల స్తంభానికి ఆనుకుని పెంచలయ్య కూర్చుని ఉన్నాడు, తలగుడ్డ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. వచ్చింది తన కూతురికి ఎదురు చెప్పడానికని తెలిసీ లేచి నిలబడ్డాడు. కుప్పమ్మ నన్ను వెనకింట్లోకి పిలుచుకుపోయి, "ఈడ కూర్చో, పిలుస్తారు" అని పోయింది. గొడ్లపాకను ఆనుకుని ఉన్న ఆ గదిలో వసంత ఉంది. సగానికి సగం అయిపోయింది. నన్ను చూసి లేచి వచ్చింది. కొంచెం కుంటుతోంది, అది కొన్నాళ్ళకు పోతుంది. పోనిది ఆ నడకలో ఇంకొకటుంది. ఒక్కో అడుగు వేసే ముందు కాలితో నేలను తట్టి చూస్తోంది.

నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

"అక్కా, నీ చెయ్యి కాలిందంట గదా నావల్ల. మానిందా?" అని అడిగింది. మానిందన్నాను. పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "అక్కా, నువ్వు దగ్గరుండి సూసినావు. నాకు ఎట్లా వచ్చింది అది? వచ్చే ముందర ఎట్లా ఉన్నాను?" అంది. ఏమిటి వచ్చేది అని అడిగాను, తెలియనట్టు. "మూర్ఛ. నాకేమీ గుర్తు లేదక్కా. మీ ఇంట్లో మిద్దె ఎక్కింది గుర్తుండాది, అంతే. మా నాయన లేదంటాడు గానీ నాయనకు బిడ్డంటే పాశం, అట్లే అంటాడు. ఇంతమంది అబద్ధం చెబుతారా? ఉండాది నాకు. మళ్ళా ఎప్పుడొస్తాదో అని కాచుకోనే ఉంటాను. పొయ్యికాడికి రానీరు, బాయికాడికి రానీరు. మంచిదే లెక్క, నేనే పోను. నిద్ర పట్టేటప్పుడు ఇదేనా అది అని ఉలిక్కిపడి లేస్తాను. వాళ్ళు నన్ను పంపించేస్తే పంపించేయనీ అక్కా. అది వచ్చేది ముందుగా ఎట్లా తెలుస్తాదో ఒక్కటి చెప్పు. కొంచిం ముందు తెలిస్తే నేల మీద కూర్చుంటాను."

నేను ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. కాలు విరిచాం, కాపురం విరుస్తున్నాం, అది నాకు తెలుసు. ఆ పిల్లకు తన ఒంటి మీద తనకే నమ్మకం లేకుండా చేశామని ఆ గదిలో కూర్చునేదాకా నాకు తెలియదు. నాకు కోపం వచ్చింది. మా అత్త మీద, ఆ నవ్విన ప్లీడరు మీద, మసి అంటకుండా మిగిలిన ఆ మల్లుపంచె మీద. ఇన్నేళ్ళూ పొయ్యి ముందు మింగిన పొగంతా ఒక్కసారి గొంతులోకి వచ్చినట్టయింది. హాల్లోంచి మా ఆయన గొంతు వినపడింది, "రమ్మే పంకజాక్షీ, పెద్దాయన అడగతా ఉండాడు" అని. నేను లేచాను. ఒక్కదాన్నే పోలేదు. వసంత చెయ్యి పట్టుకుని, ఆ పిల్ల వద్దు వద్దంటున్నా వినకుండా, హాల్లోకి నడిపించుకుని పోయాను.

"భయపడబాకమ్మా. పాప నోటి మీద ఏముండిందో అది చెప్పు సాలు" అన్నాడు పెద్దాయన. మా ఆయన నా వైపు చూసి మెల్లగా తలూపాడు, చెప్పు అన్నట్టు.

"బియ్యప్పిండి ఉండింది సామీ. నా పళ్ళెంలోది. నేనే తుడిచినాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "మా వంటింటి నెత్తిన ఇంత బొక్క ఉండాది. పొగ కొడతా ఉండాదని మా ఇంటాయన దాని మీద చాప పరిచినాడు. ఆ చెయ్యి నేను కిందనుంచి సూసినాను. తీసేయమని మా అత్తకు చెప్పినాను, తీయలేదు. ఈ పాపకు మామ ముందర కూర్చునేదానికి సిగ్గై, ఎడంగా ఉండే చాప కాడికి పోయింది. జరిగింది అంతే."

పెంచలయ్య మోకాళ్ళ మీది తలగుడ్డను రెండు చేతులతో మొహానికి అదుముకున్నాడు. ధనంజయ తల దించుకున్నాడు. వరదయ్య మా ఆయన వైపు తిరిగి, "ఏమప్పా?" అన్నాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు. "దీనికి మతి సరిగ్గా లేదు మామా. ఇంట్లో నేలంతా కాలితో తట్టుకుంటా తిరగతా ఉంటాది" అన్నాడు. ఇక నా వంతు వచ్చిందన్నమాట. నవ్వు వచ్చింది నాకు. ఆ ఇంటికి మళ్ళీ నేను పోగలనో లేదో, పిల్లల్ని ఎట్లా చూసుకుంటానో నాకు అప్పటికి తెలియదు. ఆ క్షణంలో అవేవీ నాకు ముందుకు రాలేదు. నా చేతిలో ఆ పిల్ల చెయ్యి ఉంది, నాకది ఒక్కటే తెలుస్తోంది.

"నిజమా అక్కా?" అంది వసంత. అంతమందిలో మామ, మొగుడు ఉన్నారని కూడా మరిచిపోయి తలెత్తి నన్నే చూస్తోంది. "నాకేమీ రాలేదా?"

"నీకేమీ రాలేదు పాపా. నీ అడుగు సరిగ్గానే పడింది. మా ఇల్లే సరిగ్గా లేదు."